ఆడపిల్ల రక్తం ఎటు పోతున్నది?

"ఈకాలం పిల్లలు తినరు, అందుకే రక్తం లేదు." ఆత్మకూరు తండాల్లోనైనా, అమ్రాబాద్ చెంచుపెంటల్లోనైనా వినిపించే మాట ఇది. ఎంత తేలిక మాట! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-19 ఏండ్ల ఆడపిల్లల్లో 64.7 శాతం మందికి రక్తహీనత. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువన్నమాట. ఇంతమందీ తిండి దగ్గర మారాం చేస్తున్నారా?

కంట్రోలు బియ్యం వచ్చినంక జొన్న, కొర్ర పళ్లెంలోంచి జారిపోయినయి. కూర వండిన రోజున కూడా ముద్దలు మగవాళ్లకు, గిన్నె అడుగున మిగిలింది బిడ్డకు. ఈ తప్పు సర్కారుది కాదు, మన ఇంటిదే. నెలనెలా రక్తం పోయేదేమో ఆమెకు! దానిమీద చదువు మాన్పించి పెళ్లి, ఒళ్లు గట్టిపడకముందే కాన్పు.

బడిలో వారానికో నీలం మాత్ర ఇస్తారు. పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది, పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. టీచర్లూ, పంచిపెట్టి రిజిస్టరు మూయకండి. అన్నం తిన్నాక ఎదురుగా మింగించండి. వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటపట్టదు. ఉసిరి, నిమ్మ అయితే పడుతుంది. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా తప్పొద్దు.

ఇంత చేసినా రక్తం పెరగకపోతే? అప్పుడూ పిల్లనే తిడదామా? సికిల్ సెల్ తిండితో వచ్చేది కాదు, తల్లిదండ్రుల నుంచి వచ్చేది, గిరిజనుల్లో ఎక్కువ. దాని నిర్మూలనకని కేంద్రం 2023 జూలైలో మిషన్ మొదలుపెట్టింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ పరీక్ష మన పెంటకు ఎప్పుడొస్తుందో గ్రామసభలో అడగండి. రిపోర్టు కాగితం బిడ్డ చేతికే ఇవ్వమనండి.