ప్యాకెట్లు పంచితే పిల్లలు పెరగరు

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,



గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం మన రాష్ట్రంలో 2015 జనవరిలో మొదలైంది. ఏడు నెలలు నిండిన పిల్లలకు నెలనెలా రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికిస్తున్నారు. అయినా వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28.1 శాతం ఉంటే 2019-21 నాటికి 33.1 శాతమయ్యారు. పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి ఎగబాకింది. ఇవి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్కలు. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. తెలియక జరిగిందని సరిపెట్టుకోలేం.

బాలామృతం తియ్యటి పొడి. ప్యాకెట్ విప్పగానే ఇంట్లో పెద్ద పిల్లలు గుప్పెళ్లతో బుక్కేస్తారు. గుడ్లు ఆ పూటకే అందరి కూరలో పడతాయి. ఆకలి ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు వాళ్లను తప్పుపట్టేదేముంది? పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున్నే కూలికి పోతే ఏడాదిన్నర బిడ్డ నానమ్మ దగ్గర ఉంటుంది. ఆ వయసు బిడ్డకు పూటకింత కొసరి కొసరి, రోజుకు నాలుగైదు సార్లు తినిపించాలి. చూపానని ముసలమ్మకు అది అయ్యే పని కాదు. రిజిస్టరులో మాత్రం ఆ బిడ్డకు పోషకాహారం అందినట్టే.

దీనికి జ్వరం, విరేచనాలు తోడైతే తిన్నది కూడా ఒంటబట్టదు. ఒంట్లో సత్తువ లేక మళ్లీ జబ్బు పడుతుంది. అంగన్‌వాడీ టీచరమ్మ బిడ్డ మోచేతి పైన చుట్టే కొలత పట్టీ 11.5 సెంటీమీటర్లలోపు వస్తే ఎరుపు చూపిస్తుంది. అది తీవ్ర పోషకాహార లోపం. జబ్బు కూడా ఉన్న బిడ్డను పోషణ పునరావాస కేంద్రంలో చేర్చి, దాదాపు రెండు వారాలు ఉంచాలి. పక్కన తల్లి ఉండాలి. అన్నాళ్ల కూలి వదులుకుని, ఇంకో బిడ్డను ఎవరికప్పగించి ఆమె ఉండగలదు?

అందుకే మూడు విన్నపాలు. పత్తి, మిర్చి ఏరే నెలల్లో మూడేళ్లలోపు పిల్లలను పగలంతా చూసుకుని వేళకు తినిపించేలా అంగన్‌వాడీలకు అదనపు ఆయాను ఇవ్వండి. పునరావాస కేంద్రంలో బిడ్డతో ఉన్న తల్లికి ఏ రోజు కూలి ఆ రోజే, పూర్తిగా చెల్లించండి. జిల్లా సమీక్షల్లో ఎన్ని ప్యాకెట్లు పంచారని కాక, ఎంతమంది పిల్లలు ఎత్తు, బరువు పెరిగారని కలెక్టర్లను అడగండి.

వచ్చే బడ్జెట్‌లోనే వీటికి పద్దు పెట్టండి. రెండేళ్లు దాటాక బిడ్డ కోల్పోయిన ఎదుగుదలను పూడ్చడం ఎంత డబ్బు పెట్టినా చాలా కష్టం.

ఇట్లు,
ఒక తెలంగాణ పౌరుడు