వెతికితే దొరకాలి

నేటి విద్యార్థికి పాఠం పుస్తకంలోనే కాక దృశ్యరూపంలోనూ లభిస్తున్నది. 2005లో యూట్యూబ్ ఆరంభమైన నాటి నుండి శాస్త్రపాఠాలు, సంగీత కచేరీలు, జానపద ప్రదర్శనలు లెక్కకు మిక్కిలిగా అంతర్జాలంలో చేరాయి. అయితే ఉండటం వేరు, దొరకడం వేరు. గాదె నిండా ధాన్యమున్నా తాళంచెవి పోగొట్టుకున్నవాడు పస్తుండవలసిందే.

ఇక్కడ తాళంచెవి వంటిది అన్వేషణ. దానికి కావలసిన ప్రోగ్రాం భాగాలను ప్రతివారూ మొదటినుండి రాసుకోరు. ఒకరు రాసి సిద్ధంగా ఉంచిన కట్టను ఇతరులు తమ ప్రోగ్రాంలో చేర్చుకుంటారు. ఇటువంటి కట్టను సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అంటారు. డగ్ కటింగ్ 1999లో రూపొందించిన ల్యూసీన్ ఈ కోవకు చెందినదే. దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లోపం కనబడితే దిద్దనూవచ్చు. పుస్తకం చివరనుండే పదసూచిక వలె, ఏ పదం ఏ వీడియో శీర్షికలో, వివరణలో ఉన్నదో అది ముందే గుర్తించి పెట్టుకుంటుంది. వీడియోలోని బొమ్మను అది చూడదు, అక్షరాలనే చూస్తుంది.

లైబ్రరీని మెరుగుపరచడమంటే వేగాన్ని పెంచడమేనని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయం వేరు. మన భాషకు సంబంధించినంతవరకు వేగం కంటె ముందు తీరవలసిన బాకీ ఒకటున్నది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ప్రదర్శనను ఒకరు ‘తోలుబొమ్మలాట’ అని కలిపి రాస్తారు. మరొకరు ‘తోలు బొమ్మలాట’ అని విడదీస్తారు. వేరొకరు ఇంగ్లీషు అక్షరాలలో తమకు తోచినట్లు రాస్తారు. మనకు మూడూ ఒకటే. అక్షరాలను పోల్చిచూసే యంత్రానికి మూడూ వేరు. ఆ కళాకారుల ఆట రాత్రంతా సాగి ఉండవచ్చు, దానిని చిత్రించినవారు ఎంతో శ్రమపడి ఉండవచ్చు. శీర్షికలోని ఒక్క ఖాళీ వల్ల వెతికినవారికి ఆ ఆట లేనట్లే.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. అంతమాత్రాన చిక్కు తీరలేదు. ‘సైన్సు’ అనే మాటలోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలను జతచేసీ రాయవచ్చు. తెరపై రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో వకారం వత్తుగా మారకుండా కంటికి కనబడని గుర్తును చేర్చేవారున్నారు, చేర్చనివారూ ఉన్నారు. లైబ్రరీ పోల్చడానికి ముందే వీటినన్నిటినీ ఒక్క రూపానికి తేవాలి. ఇది కష్టమైన పని కాదు, కావలసినది శ్రద్ధ.

అసలు కష్టం విభక్తులతో వస్తుంది. ‘పుస్తకం’ పుస్తకాన్ని, పుస్తకంలో, పుస్తకాలకు అని మారినా మూలం పోల్చుకోవచ్చు. కాని ‘ఇల్లు’ సంగతి చూడండి: ఇంటికి, ఇంట్లో, ఇళ్లు, ఇండ్లు. ‘ఇల్లు’ అని వెతికినవానికి ‘ఇంటి నిర్మాణం’ అనే పాఠం దొరకాలంటే ప్రత్యయాన్ని కోసివేస్తే చాలదు, మారిన మూలం కూడా తెలియాలి. ల్యూసీన్ తొమ్మిదవ తరంలో తెలుగుకు ప్రత్యేక విభాగం చేరి, కొన్ని ప్రత్యయాలను తొలగిస్తున్నది. ఇది హర్షించదగినదే. అయినా, చివర ‘లు’ కనబడగానే బహువచనమని కోసివేసే నియమం ‘పాలు’ను ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు!

దగ్గర దగ్గరగా ఉన్న మాటలన్నిటినీ ఒకటిగా చూస్తే సరిపోదా అని కొందరడుగుతారు. సరిపోదు. లకార ళకారాలను కలిపివేస్తే ‘పెళ్లి’, ‘పెల్లి’ కలుస్తాయి నిజమే. వాటితోపాటే ‘కల’, ‘కళ’ కూడా కలుస్తాయి. చిత్రకళను వెతికే విద్యార్థికి కలల ఫలితాలు ఎదురవుతాయి. కనుక అడిగిన మాట ఉన్న వీడియోలను మొదట చూపి, పోలికగల మాటలవి తరువాత చూపడమే న్యాయం.

మరొక మాట. వీడియోలను అందించే సంస్థ తన పద్ధతి మార్చినప్పుడు దానిపై ఆధారపడిన లైబ్రరీలు పనిచేయవు. యూట్యూబ్ తన రెండవ తరం సమాచార ద్వారాన్ని 2015లో మూసివేసినప్పుడు, అంతకుముందు మారనివి మూలపడ్డాయి. అటువంటి వేళ ‘ఫలితాలు లేవు’ అని చూపడం అబద్ధమవుతుంది. ‘వెతకలేకపోయాను’ అని చెప్పాలి.

పెద్ద సంస్థల యంత్రాలు నేడు అర్థాన్ని బట్టి వెతకడం నేర్చుకుంటున్నాయి. కాని ఒక కళాశాల తన పాఠాల వీడియోలను భద్రపరచుకునే చోట ఇటువంటి చిన్న లైబ్రరీయే ఆధారం. దానిని దిద్దవలసినవారు ఎక్కడో లేరు. ప్రోగ్రాం రాయడం తరువాతి మాట. ముందు కావలసినది పరీక్షకు పనికివచ్చే పదాల జాబితా: ఏ రెండు మాటలు కలవాలి, ఏ రెండు కలవకూడదు అని. తెలుగు మాట్లాడే ఇంటర్మీడియట్ విద్యార్థి ఒక సెలవురోజున అటువంటి వంద జంటలు రాయగలడని నా నమ్మకం.