పడవ తేలికే.. అల బరువు!

రుషికొండ బీచ్‌కి వెళ్లినప్పుడు కయాక్ ఎక్కుతానని మీ అబ్బాయో అమ్మాయో పట్టుబడితే వెంటనే వద్దనకండి. భుజాలకీ, నడుముకీ, గుండెకీ అది మంచి వ్యాయామం. అయితే కదలని నీటిలో తెడ్డు వేయడం వేరు, విరిగే అలపై జారుతూ ఒడ్డుకు రావడం వేరు.

అలల కోసం వాడే కయాక్‌లను ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్‌తో తేలిగ్గా తయారుచేస్తారు. చేత్తో ఎత్తగలిగే పడవే కదా అని ధైర్యపడతాం. కానీ ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకు పైనే తూగుతుంది. బోల్తా పడి నీళ్లు నిండిన పడవను అల మనిషి మీదికే విసరగలదు. అందుకే నీళ్లలో పడినవారు పడవకూ ఒడ్డుకూ మధ్య ఉండకూడదు. సముద్రం వైపే ఉండాలి. తెడ్డు పట్టిన చేతులు తలపైకి లేచినప్పుడు అల తాకితే భుజం కీలు తప్పొచ్చు.

టికెట్ ఎంత, ఎంతసేపు తిప్పుతారని అడిగే మనం, హెల్మెట్ ఉందా అని అడగం. నేను చెప్పేదొక్కటే. ఈతతోపాటు, తిరగబడిన పడవలోంచి బయటపడటం కూడా ముందు స్విమ్మింగ్ పూల్‌లోనే నేర్పించండి. లైఫ్ జాకెట్, హెల్మెట్, శిక్షకుడు.. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా పిల్లల్ని ఒడ్డునే కూర్చోబెట్టండి. అలిగితే అలగనివ్వండి. అలలు రేపూ వస్తాయి.