బాలీ గుడి కోతులు, మన చెనిక్కాయ చేలు

పోయిన నెల నేను బాలీకి పోయొచ్చినానని మా ఊర్లో అందరికీ తెలుసు. "టమోటాకు రేటొచ్చిందేమో" అని రచ్చబండ కాడ నవ్వినోళ్ళు కూడా ఉండారు. రేటూ రాలేదు, ఏమీ రాలేదు. మా బావమరిదికి ఎరువుల అంగడి ఉంది. టార్గెట్ ముట్టిన డీలర్లకు కంపెనీ వాళ్ళు టూరు పెట్టినారు, ఒక్కొక్కరికి రెండు టికెట్లు. వాళ్ళింటామెకు విమానమంటే భయం. "బావా, నువ్వన్నా రా" అన్నాడు. సీటు ఖాళీగా పోనిచ్చేదెందుకని పోయినాను.

బీచీలు, హోటళ్ళ సంగతి రాయను, వాటి ఫోటోలు మా బావమరిది స్టేటస్‌లో పెట్టి పెట్టి మీకందరికీ విసుగొచ్చింటుంది. నేను రాయాలనుకున్నది ఒక గుడి గురించి, ఆ గుడి కోతుల గురించి. ఆడినుంచి మన చేల దాకా వస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

ఆ గుడి పేరు ఉలువాటు. బాలీ దీవికి దక్షిణం పక్క కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచు మీద ఉంది. నీళ్ళ మీంచి దాదాపు 70 మీటర్ల ఎత్తు, అంటే 230 అడుగులు. మన పక్క వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్ము తప్ప తడి రాదు. ఆడ తల వంచి చూస్తే కంటికి ఆనినంత దూరం నీళ్ళే. అవీ ఉప్పునీళ్ళే కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను. గుడి చానా పాతది. 11వ శతాబ్దంలో కుతురాన్ అనే సాధువు కట్టించినాడనీ, 16వ శతాబ్దంలో జావా నుంచి వచ్చిన నిరర్థ అనే పూజారి ఆడనే మోక్షం పొందినాడనీ అక్కడోళ్ళ నమ్మకం. వాళ్ళూ హిందువులే. మోకాళ్ళు కనపడేటట్లు పోతే గుడ్డ చేతికిచ్చి కట్టుకోమంటారు, నడుముకు పట్టీ కూడా. లోపలి గుడిలోకి పూజ చేసుకునే వాళ్ళకే ప్రవేశం. మాలాంటోళ్ళము ప్రహరీ బయట, కొండ అంచున కట్టిన గోడ వెంబడి నడవాల్సిందే.

ఆ గోడ మీదే ఉంటాయి కోతులు. మన కోతికి నెత్తిన పాపిడి తీసి దువ్వినట్లు జుట్టు ఉంటుంది చూడండి, వాటికి అట్లా ఉండదు. మిగతాదంతా ఒకటే మాదిరి, తోక పొడుగు, చూపు దొంగచూపు. మా గైడు బస్సులోనే చెప్పినాడు, కళ్ళద్దాలు, ఫోన్లు, టోపీలు, కమ్మలు అన్నీ లోపల పెట్టుకోండని. మా బావమరిది వినలేదు. "కళ్ళద్దాలు తీస్తే నాకు గుడే కనపడదు కదా" అన్నాడు. అదీ నిజమే.

పది అడుగులు నడిచినామో లేదో, వెనకనించి ఒక ముసలి గండుకోతి భుజం మీదికి దూకి అద్దాలు లాక్కొని గోడెక్కింది. నేను కర్ర కోసం చూసినాను. చేనికాడ అలవాటు. గుడి మనిషి ఒకాయన వద్దని చెయ్యి ఊపి, సంచిలోంచి పండు ఒకటి తీసి చూపించినాడు. అది చూసింది. రాలేదు. అద్దాల కాడను పళ్ళతో కొంచెం వంచింది, "విరిచేస్తా చూడు" అన్నట్లు. ఆయన రెండో పండు తీసినాడు. మొగం పక్కకు తిప్పుకునింది. మూడు పండ్లు ఒకేసారి ఇస్తే అప్పుడు ఒక చేత్తో పండ్లు అందుకొని, రెండో చేత్తో అద్దాలు వదిలేసింది. మదనపల్లె మార్కెట్‌లో మండీ కాడ కూడా నేను అంత గట్టి బేరం చూడలేదు. అంతసేపూ నా భుజం మీద పాత తుండుగుడ్డ ఉంది, కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. ఒక్క కోతీ నా పక్క చూడలేదు. రైతని వాటికీ తెలిసిపోయిందని మా బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఎగతాళి కాదు, నిజంగానే వాటికి వెల తెలుసు. ఇంటికొచ్చినాక బెంగళూరులో చదివే మా అన్న కొడుకు వెతికి చెప్పినాడు. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు, బాలీలోని ఉదయన యూనివర్సిటీ వాళ్ళు కలిసి ఆ కోతుల మీద పరిశోధన చేసి 2021లో అచ్చేసినారు. పిల్లకోతులు ఏది దొరికితే అది ఎత్తుకపోతాయంట. నాలుగేళ్ళొచ్చేసరికి దొంగతనంలో చేయి తిరుగుతుంది. పెద్దవి మనుషులు ఏదానికి ఎక్కువ తల్లడిల్లుతారో అదే ఏరుకుంటాయి, ఫోనో, కళ్ళద్దాలో. ఒక బేరం 25 నిమిషాలు నడిచిందంట, దాంట్లో 17 నిమిషాలు ఇంకా కావాలని కూర్చోవడమే. బాలీలో కోతులుండే గుళ్ళు ఇంకా ఉండాయి, ఈ వ్యాపారం మాత్రం ఉలువాటులోనే పాతుకుపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా తల్లిని చూసి పిల్ల నేర్చుకుంటా వస్తా ఉండాది.

ఇది చదివి అందరూ "అబ్బ, ఎంత తెలివి" అంటారు. నాకు మాత్రం వేరేగా తోచింది. కోతికి కళ్ళద్దాలు ఎందుకు? తింటుందా, పెట్టుకుంటుందా? మొదట ఎప్పుడో ఒక కోతి ఊరికే లాక్కునింటుంది. దానికి ఎవరో పండిచ్చినారు. ఆ పొద్దుతో అద్దాలకు వెల కట్టింది మనిషే. దొంగతనం కోతిది, దాన్ని వ్యాపారం చేసింది మనము.

మన పక్క జరిగేదీ ఇదే కాదా? తిరుమల ఘాట్‌లో, మొగిలి ఘాట్‌లో కార్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు, మిగిలిన పులిహోర విసిరేస్తారు. పిల్లోళ్ళు నవ్వుతారు, వీడియో తీసుకుంటారు, పుణ్యం వచ్చిందనుకొని పోతారు. ఆ కోతికి ఏమి అర్థమైంది? మనిషి అంటే తిండి. కవరు శబ్దం అంటే తిండి. పది తరాల కోతులు అడవిలో మేడిపండు, నేరేడు, జువ్వి వెతుక్కొని బతికినాయి. ఇప్పటి పిల్లకోతికి వాటి చెట్లు యాడున్నాయో తెలీదు. తెలిసినా చెట్లు లేవనుకోండి, రోడ్లు వెడల్పు చేసినప్పుడు చింతలూ మర్రులూ ఎన్ని పోయినాయో మన కండ్లారా చూసినాము. పండగపూట కార్లు ఎక్కువ, మందకు కడుపు నిండుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. కార్లు తగ్గిన దినాల్లో ఆ మంద యాడికి పోతుంది? కిందికి దిగితే మన చెనిక్కాయ చేను, టమోటా తోట, మామిడి తోపు. పుణ్యం కారోనిది, ఖర్చు చేనోనిది.

ఏనుగు దిగితే ఊరంతా లేస్తాము. టపాకాయలు, డప్పులు, ఫారెస్టోళ్ళకు ఫోన్లు, పేపర్లో ఫోటో. కౌండిన్య అడవి పక్కన బతికే మనకు అది కొత్త కాదు. ఏనుగు రాత్రికి వచ్చి పోతుంది. కోతి పొద్దన ఆరింటికి డ్యూటీకి వచ్చి సాయంత్రం ఆరింటికి దిగుతుంది, ఆదివారం సెలవు కూడా లేదు. ఊడ పెరికి రెండు కాయలు తిని పది చెట్లు పీకి పారేస్తుంది. టమోటా కొరికి, పుల్లగా ఉంటే ఇంకోటి కొరుకుతుంది. దానికి పేపర్లో ఫోటో ఉండదు. నవ్వులాట అయిపోయింది. మా చేనికి ఆనుకొని ఉండే అన్న చెనిక్కాయ విత్తేది మానేసి నాలుగేళ్ళయింది. కాపలాకు ముసలోళ్ళను కూర్చోబెడితే కోతులు వాళ్ళను లెక్కే చెయ్యవు, ఆడోళ్ళను, పిల్లోళ్ళను అయితే మీదికొచ్చి బెదిరిస్తాయి. కుక్కకు పులి చారలు పూసి కాపలా పెట్టినోళ్ళున్నారు, ఎలుగ్గొడ్డి వేషం కట్టినోళ్ళున్నారు. నాలుగు దినాలు భయపడతాయి, ఐదో దినం పక్కనే కూర్చొని పేలు చూసుకుంటాయి.

"ఆంజనేయస్వామి రూపం, తిననీ లేబ్బా" అంటారు కొందరు. మా అమ్మ కూడా అదే మాట. శనివారం శనివారం ఒక డజను అరటిపండ్లు పెట్టి వస్తుంది, మా నాయన పోయినప్పటినుంచి. ఆమెకు నేను చెప్పలేను. అయితే సుందరకాండలో ఒక సంగతి ఉంది, అది మాత్రం చెప్తాను. సీతమ్మను చూసి హనుమంతుడు తిరిగొచ్చేటప్పుడు వానరాలన్నీ సంతోషంతో సుగ్రీవుని మధువనంలో పడి తేనె తాగి, పండ్లు తిని, తోటంతా పాడుచేస్తాయి. ఆ తోటకు కాపలా దధిముఖుడు. వద్దన్నందుకు ఆయనకు దెబ్బలు పడతాయి. ఏడ్చుకుంటా పోయి సుగ్రీవునికి చెప్పుకుంటే, సుగ్రీవుడు కోపం చేసుకోడు, సంతోషపడతాడు. పని కాకుంటే ఇంత ధైర్యం చెయ్యరు, సీత జాడ దొరికిందన్నమాట అని. పురాణం వినేటప్పుడు అందరూ ఆ కాడ నవ్వుతారు. నాకు ఈ మధ్య నవ్వు రాలేదు. దధిముఖుడు మనమే. పైగా ఆ వానరాలు పని ముగించుకొని వచ్చి తిన్నాయి, తోట గలాయన రాజు. మా చేనికి వచ్చే మంద ఏ సముద్రం దాటొచ్చిందని?

ఉలువాటులో పొద్దుగుంకేటప్పుడు సముద్రం పక్కనే కెచక్ అని ఆట ఆడతారు. వాయిద్యం లేదు, చానామంది మగోళ్ళు గుండ్రంగా కూర్చొని "చక్ చక్ చక్" అని నోటితోనే తాళం వేస్తారు. కథ మన రామాయణమే. హనుమంతుడు వచ్చి మంటల మధ్య ఎగిరినప్పుడు జనం చప్పట్లు. హనుమంతునికి అంత మర్యాద చేసే ఊర్లో కూడా, ఆట ముందర కోతికి ఫోన్ చిక్కకుండా చూసుకోమనే చెప్పినారు. భక్తి వేరే, జాగ్రత్త వేరే అని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. రాసేదా వద్దా అని నాలుగు దినాలు ఆలోచించినాను.

మూడేళ్ళ కింద మా ఊర్లో ఇంటికి 500 వేసుకొని కోతులు పట్టేవాళ్ళను పిలిపించినాము. చందా వసూలు చేసినోళ్ళలో నేనొకణ్ణి. బోనులు పెట్టి, బొరుగులు, అరటిపండ్లు వేసి, రెండు దినాల్లో చానా కోతుల్ని పట్టినారు. అది కూడా తిండి ఆశ పెట్టే పట్టినాము, చూడండి. అనుమతి లేకుండా అడవి జంతువును పట్టేది నేరమని అప్పుడు మాకు తెలుసా అంటే, తెలుసు. తెలిసీ చేసినాము. "యాడ వదుల్తారు" అని ఎవరూ అడగలేదు. దూరంగా అడవిలో అన్నారు, సరే అన్నాము. వ్యాను రాత్రిపూట పోయింది.

నెల తిరక్కముందే మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆమెను ఇచ్చింది పుంగనూరు పక్క ఊరికి. "అన్నా, ఎవరో పాపిష్టోళ్ళు మా ఊరి గుట్ట కాడ రాత్రిపూట కోతుల్ని తెచ్చి వదిలిపోయినారు. మనుషులంటే భయమే లేదు, వంటింట్లోకొచ్చి సంకటి గిన్నె ఎత్తకపోతా ఉండాయి" అనింది. మా కోతులేనా అని ఆనవాలు ఏముంది? మా మందలో ఎడమ చెవి చిరిగిన గండు ఒకటి ఉండేది. చెవి గురించి నేను అడగలేదు, అదే మాటల్లో చెప్పింది. నేను "అట్లనా" అని పెట్టేసినాను. ఆ ఏడు వాళ్ళకు ఎకరా చెనిక్కాయలో గింజ మిగల్లేదు.

మా ఊర్లో అయినా సుఖపడినామా అంటే, ఆరు నెలలే. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉంటుందా? గుట్ట అవతల మంద వచ్చి దిగింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది, మీరు తిట్టినా సరే. పట్టి పక్కూరికి తోలేది మన బాధకు మందు కాదు, పక్క రైతు నోట్లో మన్ను కొట్టేది. ఇంక చందా అడిగితే నేను ఇవ్వను, అడగను. ఘాట్‌లో, గుడికాడ తిండి విసిరేది ముందు ఆగాల. దేవస్థానాలు బోర్డు పెడితే చాలదు, కుప్పతొట్టికి మూత ఉండాల, ఆపే మనిషి ఉండాల. తిండి ఆపినంతమాత్రాన ఉన్న మంద మాయం కాదు, మొదట్లో చేలమీద ఇంకా ఎక్కువ పడతాయి కూడా, అది ఒప్పుకుంటా. అందుకే రెండో పని కూడా జరగాల. హిమాచల్‌లో 2007 నుంచి కోతులకు ఆపరేషన్లు చేస్తా ఉండారు, లక్షన్నర దాటినాయి. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020 డిసెంబర్‌లో దానికోసమే కేంద్రం తెరిచినారు. నిదానంగా జరిగే పనే, ఒక పంటలో ఫలితం రాదు. అయినా మన పక్క అట్లాంటిది కావాలని పంచాయతీ తీర్మానం చేసి ఫారెస్టోళ్ళకు ఇస్తే తప్పేముంది? బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు పక్క ఊర్లన్నీ ఒకే కాగితం మీద అడగాల, విడివిడిగా అడిగితే మళ్ళీ పక్కూరికి తోలే లెక్కే అవుతుంది.

ఇంకొక మాట. కోతి కొరికినా గీరినా పసుపు పెట్టుకొని ఊరుకోవద్దు. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆస్పత్రికి పోయి కుక్కకాటుకు వేసే సూదే వేయించుకోండి.

అమ్మ సంగతి ఇంకా తేలలేదు. అరటిపండ్లు గుళ్ళో చిన్నపిల్లోళ్ళకు పంచు, నాయనకు అదీ పుణ్యమే అని మొన్న అన్నాను. మాట్లాడలేదు. ఈ శనివారం బుట్ట పట్టుకొని ఎటు పోతుందో చూడాల.

మా చెల్లెలు ఈ పేజీ చదువుతుంది. ఆ వ్యాను సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలీదు. అమ్మాయీ, ఫోన్ చెయ్యద్దు. ఆదివారం నేనే వస్తా ఉండాను, బావను కూడా ఇంట్లో ఉండమను.