తెలుగు తరగతిలో వర్డ్ ప్రాసెసర్
అక్షరాలతో పాటు బొమ్మను, ధ్వనిని, దృశ్యాన్ని ఒకే పత్రంలో చేర్చుకోనిచ్చే మల్టీమీడియా వర్డ్ ప్రాసెసర్‌ను, ఉదాహరణకు లిబ్రేఆఫీస్ రైటర్‌ను, బడిలో కేవలం కంప్యూటర్ పాఠంగా నేర్పడం ఆ పనిముట్టును వృథా చేయడమే. దాని అసలు చోటు తెలుగు తరగతి. భారతీయ భాషలకు ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమవైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. ‘పుస్తకం’లోని ‘స్త’ కావాలంటే స, పొల్లు, త వరుసగా నొక్కాలి కనుక, సంయుక్తాక్షరం ఎలా ఏర్పడుతుందో వ్యాకరణ సూత్రం కన్నా స్పష్టంగా విద్యార్థి వేళ్లకే తెలిసివస్తుంది. రోమన్ అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకునే లిప్యంతరీకరణ పద్ధతి సులువే కావచ్చు గాని, దానికి ఈ లాభం లేదు. ఇక ధ్వని సంగతి: ఇంట్లో పెద్దలు చెప్పిన పొడుపుకథను రికార్డు చేసి పత్రంలో చేర్చి, దాని కిందనే తన రాతలో పెట్టిన పిల్లకు పలుకుబడికీ రాతకూ ఉన్న ఎడం అర్థమవుతుంది. అయితే రంగుల అక్షరాలు, కదిలే బొమ్మలు (వీటి మోజు పెద్దలకూ తక్కువేమీ కాదు) ముందే అందిస్తే తరగతి సమయమంతా అలంకరణకే పోతుంది గనుక, వాక్యాలు రాసి దిద్దుకున్న తరువాతే వాటికి అనుమతి ఇవ్వాలి. లిబ్రేఆఫీస్ ఉచితంగానే లభిస్తుంది కాబట్టి, కంప్యూటర్లు ఉన్న బడులు సాఫ్ట్‌వేర్ ఖరీదును సాకుగా చూపడం చెల్లదు.