వచ్చిన అక్షరాన్ని మళ్లీ నేర్పడమెందుకు?

రెండో తరగతి చదివే మా మేనకోడలు నాలుగు గీతల కాపీ ముందేసుకుని కూర్చుంది. కలిపి రాసే కర్సివ్‌లో ‘ఆర్’ రాయాలి. ఇన్నాళ్లూ తను రాసిన ఆర్ అంటే నిలువు గీత, దాని భుజాన చిన్న వంపు. ఇప్పుడేమో కింది గీత నుంచి ఏటవాలుగా పైకెక్కి, అక్కడ చిన్న మెలిక తిరిగి, పక్కకు జరిగి కిందికి దిగాలి. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. కాగితం చిరిగింది. ‘నాకు ఆర్ వచ్చు కదా మామయ్యా’ అంది ఏడుపు గొంతుతో. నిజమే, వచ్చు. వచ్చినదాన్ని మరిచిపొమ్మంటున్నది మనమే.

ఎస్, ఎఫ్, జెడ్‌లదీ ఇదే వరస. పెద్ద అక్షరాల్లో క్యూ అయితే 2 అంకెలా ఉంటుంది. తెలుగులో ఈ తిప్పలు లేవు. పలక మీద దిద్దిన ‘అ’నే డిగ్రీ పరీక్షలోనూ రాస్తాం.

ఇంగ్లిష్‌లోనూ ముందు విడి అక్షరాలు, తర్వాత కలిపి రాత అనే ఈ రెండంచెల పద్ధతి అనాదిగా వస్తున్నది కాదు. 1913లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ లండన్ టీచర్లకు ఇచ్చిన ఉపన్యాసం తర్వాతే విడి అక్షరాలు అక్కడి బడుల్లో పాతుకున్నాయి. 1920లలో అమెరికా చేరాయి. పసిచేతులకు విడి అక్షరం తేలిక కాబట్టి అది మంచి మార్పే. కానీ పిల్లలు రెండేళ్లు విడి అక్షరాలు రాశాక పాత గొలుసుకట్టు రాతను అలాగే తెచ్చి నెత్తిన పెట్టారు. తకరారంతా అక్కడే.

దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది, అదే ఇటాలిక్ రాత. రోమ్‌లో పోప్ కార్యాలయ లేఖకుడు లుడొవికో అర్రిగి అది నేర్పే పుస్తకం వెలువరించింది 1522లో. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ 1932లో ఆ రాతకు మళ్లీ ఊపిరి పోశాడు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన బార్బరా గెటీ, ఇంగా డుబే దాన్ని బడిపిల్లల కాపీ పుస్తకాలుగా మలిచారు.

పద్ధతి చాలా సులువు. మొదటిరోజు నుంచే అక్షరం కాస్త వాలుగా, కోలగా ఉంటుంది. ‘ఎన్’ రాస్తే చివర కుడివైపు చిన్న తోక మిగులుతుంది. కలిపి రాసే వయసు వచ్చాక ఆ తోకనే సాగదీసి పక్క అక్షరానికి తగిలిస్తారు. దాదాపు ఏ అక్షరమూ రూపు మారదు. జి, వై లాంటివి రాశాక కలం ఎత్తవచ్చు. మాట మొత్తం ఒక్క ఊపులో గొలుసు తెగకుండా రాయాలన్న పట్టుదల లేదు. నా దృష్టిలో అసలు మేలు ఇదే. వేగం కోసం గొలుసుకట్టిన మన కరణాల దస్తూరి ఇవాళ ఎంతమంది చదవగలుగుతున్నారు?

తాతల ఉత్తరాలు చదవడం రాకుండా పోతుందని కొందరి భయం. మెలికల అక్షరాలను గుర్తుపట్టడం వేరు, రాయడం వేరు. గుర్తుపట్టడం కొద్దిరోజుల్లో నేర్పవచ్చు. టీచర్లకే ఇటాలిక్ రాదన్నది మాత్రం నిజమైన చిక్కు. ముందు వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, తగిన కాపీ పుస్తకాలు అచ్చువేయాలి.

కాలిఫోర్నియా 2023లో చేతిరాతను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా కర్సివ్ గానీ కలిపి రాసే ఇటాలిక్ గానీ నేర్పాలన్నది. అక్కడి తెలుగు పిల్లలకు ఆ దారి తెరిచే ఉంది. ఇక్కడ మన పిల్లలు పదో తరగతి పరీక్షల్లో గంటల తరబడి చేత్తోనే రాయాలి. వచ్చే జూన్‌లో కాపీ పుస్తకాలు ఎంపిక చేసేముందు ప్రధానోపాధ్యాయులు ఒకసారి ఇటాలిక్ పుస్తకాలు తెప్పించుకుని, తామే ఒక పేజీ రాసి చూడాలని నా విన్నపం.