మాట వినబడే పెట్టె

"ఏమన్నాడు?" అని సినిమా మధ్యలో ఒకరైనా అడగని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. తాతగారికి మాట వినబడలేదని శబ్దం పెంచుతారు. అంతలో పాటో, పోరాటమో వచ్చి కిటికీ తలుపులు అదురుతాయి. గోడ అవతలివారు విసుక్కుంటారు. వెంటనే తగ్గిస్తారు. మళ్ళీ "ఏమన్నాడు?" మొదలు! ఇంటి థియేటరులో ఈ తంటాకు విరుగుడు మధ్య స్పీకరు. తక్కువ డబ్బులో దానిని ఎంచుకోవటం ఎలాగో చూద్దాం.

కుడిఎడమల రెండు స్పీకర్లు ఉండగా నడుమ మూడవది దేనికని మీరు అడగవచ్చు. సరిగా మధ్యన కూర్చున్నవారికి ఆ రెండింటి శబ్దం కలిసి, మాట తెరమీదనుంచే వస్తున్నట్లు తోస్తుంది. కాని ఇంటిల్లిపాదీ మధ్యనే కూర్చోలేరు గదా! చివర కూర్చున్నవారికి తమ దగ్గరి స్పీకరులోనుంచే మాట వస్తుంది. కథానాయకుడు తెరమీద, అతని గొంతు గోడమూల. ఈ సంగతి ఇంజనీర్లకు పాతదే. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియా వాద్యబృందం సంగీతాన్ని తీగలమీద వాషింగ్టన్‌కు పంపి వినిపించినప్పుడు మూడు మార్గాలు వాడారు. 1953లో సినిమాస్కోపు వచ్చినప్పుడూ తెరవెనుక మూడు మార్గాలే. ఇప్పటి సినిమాల్లో సంభాషణ చాలావరకు నడిమి మార్గంలోనే ఉంటుంది. ఆ పెట్టె నాసిరకమైతే కథే చెడుతుంది.

ఇంట్లో ఇద్దరే ఉండి, ఇద్దరూ మధ్యనే కూర్చునేవారైతే ఈ ఖర్చు మానుకోవచ్చు. మధ్య స్పీకరు లేదని రిసీవరు అమరికలో చెబితే, అది ఆ మాటలను రెండు పక్కలకూ పంచుతుంది.

కొనేవారు మొదట చూడవలసినది పొత్తు. కుడిఎడమల పెట్టెలు ఏ కంపెనీ, ఏ వరుసవో మధ్యదీ ఆ వరుసలోదే కావటం మంచిది. తెరమీద ఈ పక్కనుంచి ఆ పక్కకు నడిచే మనిషికి నడుమకు రాగానే జలుబు చేసినట్లు గొంతు మారితే ఏం బాగుంటుంది? రిసీవరులో పరీక్షకోసం ఒక హోరు ఉంటుంది. అది ఒక్కొక్క స్పీకరులోనుంచి వరుసగా వస్తుంది. మూడింటిలోనూ ఒకే తీరుగా వినబడితే పొత్తు కుదిరినట్లే.

రెండవది ఆకారం. బజారులో దొరికే మధ్య స్పీకర్లలో చాలావాటికి అటొకటి ఇటొకటి రెండు ఊఫర్లు, నడుమ చిన్న ట్వీటరు ఉంటాయి. చూపుకు బాగుంటుంది; చిక్కు చివరి కుర్చీలో తెలుస్తుంది. సెకనుకు 2000 కంపనాల శబ్దానికి అల పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. రెండు ఊఫర్లమధ్య 30 సెంటీమీటర్ల ఎడం ఉండి, రెండూ ఆ శబ్దాన్ని పలుకుతుంటే, 8 అడుగుల దూరాన కూర్చున్నవారు మధ్యనుంచి రెండున్నర అడుగులు పక్కకు జరిగేసరికి ఒకదాని అలను రెండవదాని అల కొట్టివేస్తుంది. హల్లులు తేటగా తెలియటానికి ఆ ప్రాంతపు శబ్దాలే ముఖ్యం. కనుక కుడిఎడమల ఉన్న పెట్టెలాంటిదే ఇంకొకటి విడిగా దొరికి, టీవీ కింద నిలువుగా పడితే అంతకన్న మేలు లేదు. పట్టకపోతే, రెండు ఊఫర్ల నడుమ మాటలకోసం వేరే చిన్న స్పీకరు, దానిపైన ట్వీటరు ఉన్న రకం చూడండి. దానికి ధర కొంత ఎక్కువే.

మూడవది చోటు. ఎంత మంచి పెట్టెనైనా అలమారలో లోపలికి తోస్తే కుండలో తలపెట్టి మాట్లాడినట్లుంటుంది. అర అంచువరకు ముందుకు జరపండి. చెవులకన్న కిందుగా ఉంటే ముందు భాగం కింద చిన్న చెక్క ముక్క పెట్టి, కూర్చున్నవారి ముఖాలవైపు ఎత్తండి.

డబ్బు చాలనప్పుడు వెనుక స్పీకర్లను వచ్చే ఏటికి వాయిదా వేయండి. ఐదు చవకరకం పెట్టెలకన్న ముందువైపు మూడు మంచివి నయం. రిసీవరు లేకుండా సౌండ్‌బారు కొనేవారు 2.1 అని కాక 3.1 అని ఉన్నది అడగాలి. మొదటి అంకె మూడైతే మధ్య మార్గం ఉన్నదన్నమాట.

ఇంట్లో ఇదివరకే మధ్య స్పీకరు ఉన్నవారు కొత్తదానికి పరుగెత్తేముందు రిసీవరులో దాని మోతాదును రెండు మూడు డెసిబెల్లు పెంచి చూడండి. రాత్రివేళకని పెట్టిన అమరిక ఉంటే అదీ వాడండి. పెద్ద చప్పుళ్ళను అణచి, చిన్న మాటలను పైకి తెస్తుంది. ఈ రెండింటికీ కానీ ఖర్చు లేదు.

అప్పటికీ కొనవలసివస్తే దుకాణానికి ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. వయసుతోపాటు సన్నని శబ్దాలు వినే శక్తి ముందుగా తగ్గుతుంది. పోరాట దృశ్యాలు పెట్టనివ్వకండి. మామూలు గొంతుతో వార్తలు చదివేది పెట్టించి, ఆయనను చివరి కుర్చీలో కూర్చోబెట్టండి. "ఏమన్నాడు?" అని ఆయన అడగకపోతే, ఇక బేరం మొదలుపెట్టవచ్చు.